అమ్మ గర్భసంచి బొడ్డు దాకా పెరిగింది. రంధ్రాలు పెట్టి తీయొచ్చా, కోయాల్సిందేనా?

తెనాలి అమ్మాయి:

అందరికీ నమస్తే. మా అమ్మ గురించి అడుగుతున్నాను, కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

అమ్మకి 47. రెండేళ్లుగా నెలసరి పది పన్నెండు రోజులు సాగుతోంది, గడ్డలు గడ్డలుగా పడుతోంది. డాక్టర్ దగ్గరికి వెళ్దామంటే "ఆగిపోయే వయసు కదే, ఇలాగే ఉంటుంది" అని దాటేసేది. పోయిన నెల మేడ మెట్లెక్కుతూ కూలబడిపోయింది. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.6. స్కానింగ్‌లో గర్భసంచి 18 × 12 × 11 సెంటీమీటర్లు, ఫైబ్రాయిడ్లు (క్యాన్సర్ కాని కండ గడ్డలు) నాలుగు, అన్నిట్లో పెద్దది 9 సెంటీమీటర్లు. డాక్టరమ్మ పొట్ట మీద చెయ్యి వేసి చూసి "ఇరవై వారాల గర్భం అంత సైజు, బొడ్డు దాకా వచ్చేసింది" అన్నారు. ఇంట్లో మేమేమో అమ్మకి పొట్ట వచ్చింది, నడవమ్మా నడవమ్మా అని వెంటపడుతున్నాం ఇన్నాళ్లూ.

ఇప్పుడు గొడవేంటంటే, మొదట చూపించిన డాక్టర్ "ఈ సైజుకి పొట్ట కోసి తీయడమే, వేరే మాట లేదు" అన్నారు. రెండో డాక్టర్ అవే రిపోర్టులు చూసి "నాలుగైదు రంధ్రాలతో ల్యాప్రోస్కోపీలో చేసేస్తాను, మూడో రోజు ఇంటికి" అన్నారు. అమ్మకి నేనూ తమ్ముడూ ఇద్దరం పెద్దాపరేషన్‌తోనే పుట్టాం, అందుకని లోపల అతుకులు ఉంటాయని ఇద్దరూ చెప్పారు. మా మేనత్త అయితే రంధ్రాల ఆపరేషన్ అంతా డబ్బులు లాగడానికే అంటోంది.

అమ్మ మాత్రం ఒకటే ప్రశ్న పట్టుకుని కూర్చుంది. "వేలెడంత రంధ్రంలోంచి అంత పెద్దది ఎట్లా బయటికి వస్తుందే?" నా దగ్గర సమాధానం లేదు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి. ఇద్దరు డాక్టర్లలో ఎవరి మాట వినాలి?


కీహోల్ డాక్టరమ్మ:

నేను గైనకాలజిస్ట్‌ని, రోజూ చేసే పని ఇదే. మీ అమ్మగారిని చూడలేదు కాబట్టి ఆవిడకి ఇదే చేయించండి అని చెప్పను, కానీ ఆవిడ అడిగిన ప్రశ్న భలే నచ్చింది. మా పీజీలు కూడా మొదటి రోజు అదే అడుగుతారు.

ముందు లెక్క చూద్దాం. స్కానింగ్‌లోని మూడు కొలతల్నీ గుణించి దాన్ని 0.52తో గుణిస్తే ఘనపరిమాణం వస్తుంది. మీ అమ్మగారిది సుమారు 1235 మిల్లీలీటర్లు, బరువు కూడా అటూ ఇటూగా అన్నే గ్రాములు అనుకోండి, అంటే కిలోంబావు. మామూలు గర్భసంచి 60, 70 గ్రాములుంటుంది. 280 గ్రాములు దాటితేనే మేం పెద్దది అంటాం. కాబట్టి మొదటి డాక్టర్ ఊరికే భయపెట్టలేదు, ఇది నిజంగానే పెద్దది. అయినా ఈ సైజువి ల్యాప్రోస్కోపీలో తీయడం అలవాటున్న చేతుల్లో జరిగే పనే. మొత్తం ఆపరేషన్ ల్యాప్రోస్కోపీలోనే చేయడం 1988లో అమెరికాలో మొదలైంది, ఇన్నేళ్లలో పద్ధతి చాలా మారింది.

బయటికి ఎలా వస్తుందన్నది చివరి సంగతి. అంతకంటే ముందు మూడు చిక్కులున్నాయి.

మొదటిది చోటు. మామూలుగా కెమెరా గొట్టం బొడ్డులోంచి పెడతాం. మీ అమ్మగారి గర్భసంచి బొడ్డు దాకా ఉంది కదా, అక్కడే పెడితే గోడకి ముక్కు ఆనించి గోడని చూసినట్టు ఉంటుంది, పైగా మొదటి గుచ్చుకే గర్భసంచికి తగలొచ్చు. అందుకని పైకి జరుపుతాం. రొమ్ము ఎముక చివరికీ బొడ్డుకీ సరిగ్గా మధ్యలో ఒక చోటుంది, లీ-హువాంగ్ పాయింట్ అంటారు. లేదా ఎడమ పక్కటెముకల అంచుకి మూడు సెంటీమీటర్ల కింద పామర్ పాయింట్. పాత కోతలున్నవాళ్లలో అతుకులు ఎక్కువగా బొడ్డు చుట్టూ, కిందా ఉంటాయి, పక్కటెముకల కింద అరుదు, అందుకని సిజేరియన్లు అయినవాళ్లకి నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. అయితే జీర్ణాశయంలో గాలి ఉంటే అది ఉబ్బి అక్కడికే వస్తుంది, కాబట్టి ముందు నోట్లోంచి గొట్టం వేసి ఖాళీ చేయమంటాం. కెమెరా పైకి వెళ్తే పక్క రంధ్రాలూ పైకి వెళ్లాలి, లేకపోతే చేతిలోని పరికరాలు గర్భసంచికి గుద్దుకోవడం తప్ప పని జరగదు. కెమెరా కూడా తిన్నగా చూసేది కాకుండా 30 డిగ్రీలు పక్కకి చూసేది వాడితే గడ్డ చాటున ఏముందో కనిపిస్తుంది.

రెండోది, అసలైనది, రక్తం. గర్భసంచికి రెండు వైపులా కింది నుంచి రెండు పెద్ద ధమనులు, పైనుంచి అండాశయాల వైపు రక్తనాళాలు వస్తాయి. గడ్డలు పెరిగినకొద్దీ ఇవీ లావెక్కుతాయి, సిరలైతే వేలు లావున ఉబ్బి కనిపిస్తాయి ఒక్కోసారి. మామూలు సైజుదైతే పైనుంచి ఒక్కొక్కటే కట్ చేసుకుంటూ కిందికి వచ్చి గర్భసంచి పక్కన ధమనిని మూసేస్తాం. పెద్దదానిలో ఆ పక్కకి చెయ్యే పోదు, గడ్డ అడ్డం. కాబట్టి తిరగేసి, ఆ ధమని పుట్టే చోటికే వెళ్తాం. కటి గోడ దగ్గర పొర తెరిచి, మూత్రనాళం ఎక్కడుందో కళ్లారా చూసుకుని, పెద్ద ధమని నుంచి గర్భసంచి ధమని చీలే చోట క్లిప్ వేయడమో కాల్చి మూసేయడమో చేస్తాం. రెండు వైపులా అయ్యాక ఎర్రగా నిగనిగలాడే గర్భసంచి పాలిపోతుంది. అది చూసిన క్షణాన థియేటర్లో అందరి భుజాలూ ఒక అంగుళం దిగుతాయి, నిజం చెబుతున్నా. ఆ తర్వాత ఎంత కోసినా కారేది తక్కువ. కొందరు వాసోప్రెసిన్ మందు 20 యూనిట్లు 100 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి గర్భసంచిలోకే ఎక్కిస్తారు, నాళాలు ముడుచుకుంటాయి. మత్తు డాక్టర్‌కి చెప్పకుండా ఎక్కిస్తే మాత్రం బీపీ ఎగిరి ఆయన మన మీద ఎగురుతారు.

మూడోది పక్కింటివాళ్లు, అంటే మూత్రనాళాలు, మూత్రాశయం. మూత్రనాళం సరిగ్గా ఆ ధమని కిందుగా, గర్భసంచి మెడకి రెండు సెంటీమీటర్లు కూడా లేని దూరంలో పోతుంది. గడ్డ పక్కకి పెరిగితే నాళం తన చోట ఉండదు, ఎటో నెట్టుకుపోయి ఉంటుంది. అందుకే ముందే వెతికి పట్టుకోవాలి. మూత్రాశయమేమో రెండు సిజేరియన్ల తర్వాత గర్భసంచి ముందు భాగానికి అతుక్కుపోయి ఉంటుంది. కాథెటర్, అంటే మూత్రం గొట్టంలోంచి ఓ 200 మిల్లీలీటర్ల సెలైన్ నింపితే దాని అంచు ఎక్కడుందో ఉబ్బి తెలుస్తుంది. మచ్చ నడిమధ్యన ఉంటుంది కాబట్టి అక్కడ లాగకుండా పక్కల నుంచి మెత్తటి చోట దారి చేసుకుని రావాలి, అది కూడా కత్తెరతో, కాల్చే పరికరంతో కాదు.

ఇంకా ఉంది, ఓపీకి టైమైంది. బయటికి తీయడం గురించి సాయంత్రం రాస్తాను.


రిటైర్డ్ సివిల్ సర్జన్:

డాక్టరమ్మ చెప్పినదాంట్లో తప్పు లేదు. కానీ చదివినవాళ్లకి పొట్ట కోయడం అంటే పాతకాలపు మొరటు పని అనిపించే ప్రమాదం ఉంది, అందుకని రాస్తున్నా.

ముప్పై ఏళ్లు సర్కారు ఆసుపత్రుల్లో కోసి తీశాను. కిలోన్నర, రెండు కిలోలవి కూడా. గర్భసంచి చేతికి అందుతుంది, మూత్రనాళం వేలికి తగులుతుంది, రక్తం చిమ్మితే ఒక్క క్షణంలో నొక్కిపట్టుకోవచ్చు. గంటన్నరలో బయట. అవును, కోత పెద్దది, ఈ సైజుకి కొన్నిసార్లు నిలువుగానే కోయాల్సి వస్తుంది, నాలుగైదు రోజులు ఆసుపత్రిలో ఉండాలి, కోలుకోడానికి నెలన్నర, కోత దగ్గర చీము పట్టే అవకాశం ఎక్కువ, లావుగా ఉన్నవాళ్లకి తర్వాత హెర్నియా కూడా రావచ్చు. ఇవన్నీ ఒప్పుకుంటాను.

నా బాధ ఏంటంటే, ఇప్పుడు కొందరు రంధ్రాలతో మొదలుపెట్టి, మూడు గంటలు తంటాలు పడి, లీటరు రక్తం పోయాక అప్పుడు కోస్తున్నారు. కోయాల్సి రావడం తప్పు కాదు, ఆలస్యంగా కోయడం తప్పు. అందుకే అమ్మాయీ, నువ్వు ఆ రెండో డాక్టర్‌ని అడగాల్సింది "చేయగలరా" అని కాదు. ఇరవై వారాలవి ఇప్పటిదాకా ఎన్ని చేశారు, వాటిలో ఎన్నింటికి మధ్యలో పొట్ట కోయాల్సి వచ్చింది, ఏం కనిపిస్తే కోస్తారు, ఈ మూడూ అడుగు. ఒక్కటి కూడా కోయలేదని చెబితే నాకైతే అనుమానం. మొదటి డాక్టర్ తనకి చేతనైనది నిజాయితీగా చెప్పి ఉండొచ్చు. అది తక్కువతనం కాదు.


సందేహాలరావు:

అసలు తీయడం అవసరమా అని ఎవరూ అడగట్లేదేంటి? మన దగ్గర గర్భసంచి తీసేయడం పన్ను పీకించుకున్నంత తేలికైపోయింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి మూడు చిల్లర, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది, తెలంగాణలో ఎనిమిదికి దగ్గర. మా పెద్దమ్మ కూతురికి తెల్లబట్ట అవుతోందని చెబితే 29 ఏళ్లకి తీసి పారేశారు, ఇప్పుడు నలభైకే ఎముకల నొప్పులు. ఇంకో నాలుగేళ్లలో ముట్లు ఆగితే గడ్డలు అవే కుంచించుకుపోతాయి కదా?


కీహోల్ డాక్టరమ్మ:

రావుగారూ, మీ కోపం సరైనదే, ఆ అంకెలూ సరైనవే, మా వృత్తికి సిగ్గుచేటు కూడా. తెల్లబట్టకి గర్భసంచి తీయడం ఏ పుస్తకంలోనూ లేదు. కానీ ఈ కేసు అది కాదు. హిమోగ్లోబిన్ 7.6కి పడిపోయింది, గర్భసంచి కిలో దాటింది, ఆవిడ మెట్ల మీద కూలబడింది. ముట్లు ఆగడానికి మూడేళ్లో ఆరేళ్లో ఎవరికి తెలుసు, అప్పటిదాకా నెలనెలా రక్తం పోతూనే ఉంటుంది. రక్తస్రావం తగ్గడానికి గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ వేద్దామంటే లోపలి గది ఇంతగా సాగిపోయినప్పుడు అది నిలవడం కష్టం, జారిపోతుంది. తొడ దగ్గర రక్తనాళంలోంచి వెళ్లి గడ్డలకి రక్తం అందకుండా అడ్డుకట్ట వేసే పద్ధతి ఉంది, అది అడిగి తెలుసుకోవడం మంచిదే. తీసేదే అయితే అండాశయాలు బాగుంటే ఉంచేయమని ముందే చెప్పండి. మీ పెద్దమ్మగారి అమ్మాయి ఎముకల నొప్పి వెనక బహుశా అవి కూడా తీసేసి ఉంటారు. అండవాహికలు మాత్రం తీసేయడం మంచిదంటున్నాం, ఒక రకం అండాశయ క్యాన్సర్ అక్కడే మొదలవుతుంది కాబట్టి.

ఇప్పుడు అమ్మగారి ప్రశ్న. కింద యోని పైభాగం దగ్గర గుండ్రంగా కోసి గర్భసంచిని విడదీశాక అది పొట్టలో తేలుతూ ఉంటుంది. రంధ్రంలోంచి రానే రాదు, ఆవిడ అన్నది నిజం. మూడు దారులున్నాయి.

నాకు ఇష్టమైనది కింది దారి. గర్భసంచి మెడని కింది నుంచి పట్టుకుని, బ్లేడుతో చుట్టూ చెక్కుతూ లోపలి గుజ్జుని పొడవాటి ముక్కగా లాగుతాం. కొబ్బరికాయ కోరినట్టు కాదు, పనసకాయ మధ్య దూట తీసినట్టు. మధ్య భాగం వస్తున్నకొద్దీ మిగతాది దానంతటదే లోపలికి ముడుచుకుని సన్నబడి జారుతుంది. మామూలు కాన్పు ఒక్కటి కూడా కాని మీ అమ్మగారి లాంటివాళ్లకి ఆ దారి ఇరుకు, కాస్త టైమ్ పడుతుంది. రెండోది, ఉన్న రంధ్రాల్లో ఒకదాన్ని మూడు నాలుగు సెంటీమీటర్లకి పెంచి అక్కడి నుంచి అలాగే చెక్కుకుంటూ తీయడం. మూడోది మోటారు యంత్రం, మోర్సిలేటర్ అంటారు, గొట్టంలో తిరిగే కత్తి, ఆపిల్ తొక్క తీసినట్టు పొడుగు ముక్కలుగా లాగేస్తుంది.

ఈ మూడోదాని మీద పెద్ద గొడవ అయింది. ఫైబ్రాయిడ్ అనుకున్నది చాలా అరుదుగా సార్కోమా అనే క్యాన్సర్ అయి ఉంటుంది, స్కానింగ్‌లో ఖచ్చితంగా తేడా తెలియదు. యంత్రం తిప్పితే ఆ కణాలు పొట్టంతా చల్లినట్టవుతుంది. 2014లో అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీద హెచ్చరిక ఇచ్చింది, ఫైబ్రాయిడ్ ఆపరేషన్లలో సుమారు 350 మందిలో ఒకరికి అలాంటిది దాగి ఉండొచ్చని అప్పట్లో అంచనా కట్టింది. ఆ అంకె ఎక్కువని వాదించినవాళ్లూ ఉన్నారు. 2020లో, వాడితే సంచీ లోపలే వాడండి అంది. అందుకని ఏ దారిన తీసినా గర్భసంచిని పొట్టలోనే ఒక ప్లాస్టిక్ సంచీలోకి ఎక్కించి, సంచీ మూతి బయటికి లాగి, ఆ సంచీ లోపలే కోయమని అడగండి. కిలో దాటినదాన్ని పొట్టలో సంచీకి ఎక్కించడం ఎంత చిరాకో చేసినవాళ్లకే తెలుసు, చేపని పాలిథిన్ కవర్లో వేయబోతే జారిపోయినట్టు జారుతూనే ఉంటుంది. అయినా చేయాలి. ఆపరేషన్‌కి ముందు గర్భసంచి లోపొర బయాప్సీ, గర్భసంచి మెడకి చేసే పాప్ పరీక్ష చేయించుకోండి, గడ్డ ఈ మధ్యే గబగబా పెరిగిందనిపిస్తే ఎంఆర్ఐ కూడా.

ఒకటి మర్చిపోయా. ఆ 9 సెంటీమీటర్ల గడ్డ ముందు భాగంలో అడ్డంగా ఉంటే కొన్నిసార్లు దాన్నే మొదట ఒలిచి పక్కన పెట్టి, మిగిలిన చిన్న గర్భసంచిని మామూలుగా తీస్తాం. గడ్డలోకి స్క్రూ లాంటిది తిప్పి దింపి ఎటు కావాలంటే అటు లాగుతాం, సీసా బిరడా తీసే మర లాంటిది. అలా లాగి చోటు చేసుకోవడమే సగం ఆపరేషన్.


మత్తు డాక్టర్:

బీపీ ఎగిరితే ఎగిరేది నేనే, కాబట్టి నా రెండు ముక్కలు.

7.6తో ఎవరూ టేబుల్ ఎక్కించకూడదు, ఎక్కిస్తామంటే ఆసుపత్రి మార్చండి. ఇది అర్జెంట్ కేసు కాదు, టైముంది. ఐరన్ మాత్రలతో ఈ లోటు పూడటం ఆలస్యం, సెలైన్‌లో ఎక్కించే ఐరన్ తీసుకుంటే రెండు మూడు వారాల్లో కదలిక కనిపిస్తుంది. పది దాటాక రమ్మంటాను నేనైతే. ఈలోగా రక్తస్రావం ఆపాలి, లేదంటే పైనుంచి పోస్తుంటే కింది నుంచి పోతుంటుంది. దానికి మీ గైనిక్ డాక్టర్ ల్యూప్రొలైడ్ ఇంజెక్షన్ రాయొచ్చు, 3.75 మిల్లీగ్రాములు నెలకోటి, రెండు మూడు డోసులు. ముట్లు ఆగుతాయి, గర్భసంచి కూడా మూడు నెలల్లో మూడో వంతు మేర తగ్గొచ్చు. మొదటి డోసు తర్వాత ఒకసారి రక్తం ఎక్కువ కావచ్చు, భయపడొద్దు కానీ డాక్టర్‌కి చెప్పండి. వేడి ఆవిర్లు, చిరాకు, చెమటలు మామూలే. ఇంట్లోవాళ్లు కాస్త సర్దుకుపోవాలి.

ఇక ఈ ఆపరేషన్‌లో తల కిందికి, కాళ్లు పైకి వంచి ఉంచుతారు, పొట్టలో గ్యాస్ నింపుతారు. రెండు మూడు గంటలు అలా ఉంటే ఊపిరితిత్తుల మీద బరువు పడుతుంది. ఆయాసం, గుండె జబ్బు, ఊబకాయం ఉంటే ముందే చెప్పాలి, దాచొద్దు. లేచాక మొహం ఉబ్బి ఉంటుంది, చూసి కంగారు పడతారు, సాయంత్రానికి తగ్గుతుంది. భుజం నొప్పి అంటారు చాలామంది, ఆపరేషన్ పొట్టకి, నొప్పి భుజానికేంటని గొడవ. మిగిలిన గ్యాస్ ఊపిరితిత్తుల కింద ఉండే కండర పొర డయాఫ్రమ్‌ని గిల్లుతుంది, ఆ నరం నొప్పి భుజంలో తెలుస్తుంది. రెండు రోజులు.


హన్మకొండ అక్క:

చెల్లీ, నాకు రెండేళ్ల కింద అయ్యింది, పద్నాలుగు వారాల సైజు, ల్యాప్రోస్కోపీలోనే. డాక్టర్లు చెప్పనివి చెప్తా.

రెండో రోజు నడిచిన, మూడో రోజు ఇంటికొచ్చిన, అది నిజమే. కానీ బయట నాలుగు చిన్న బొట్లే కనిపిస్తాయి కాబట్టి ఇంట్లోవాళ్లు నీకేం కాలేదనుకుంటరు. వారానికే మా అత్తమ్మ పప్పు రుబ్బమంది! లోపల కుట్లు పచ్చిగనే ఉంటయి, పైన యోని చివర కుట్టేసిన చోటు మానడానికి టైం పడుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలు బరువులెత్తొద్దు, భార్యాభర్తలు దూరంగుండాలె. నాకు మూడు వారాలు కొంచెం కొంచెం మరక కనిపించింది, డాక్టర్ మామూలే అన్నరు. కానీ ఒక్కసారి ధారగా రక్తం వచ్చినా, వాసనొచ్చే నీళ్లు పోయినా, జ్వరమొచ్చినా, ఆగకుండా మూత్రం కారుతున్నా రాత్రయినా సరే పరుగెత్తుమని రాసిచ్చిన్రు. ఆ కాగితం ఫ్రిజ్ మీద అతికించుకున్న.


ఓటీ సిస్టర్:

పదిహేనేళ్లుగా థియేటర్ నర్సుని. ఒక్క మాట. తీసిన ముక్కలన్నీ తూకం వేసి, మొత్తం బయాప్సీకి పంపమని అడగండి. ముక్కలుగా వచ్చిందని కొన్ని చోట్ల ఒకటి రెండు ముక్కలే పంపుతారు. డబ్బాలో మొత్తం చూపించమని అడిగే హక్కు మీకుంది, మా దగ్గర అయితే ఇంటివాళ్లని పిలిచి చూపిస్తాం. మగవాళ్లు ఒకరిద్దరు కళ్లు తిరిగి పడిపోయారు, కాబట్టి మీ తమ్ముణ్ణి కాకుండా మీరే వెళ్లండి.

ఇంకోటి. సంతకం పెట్టించే కాగితంలో "అవసరమైతే పొట్ట తెరవడం" అని ఉంటుంది. దాని మీద థియేటర్ తలుపు దగ్గర వాదన పెట్టుకోకండి. ముందు రోజే అడిగేయండి. రెండు యూనిట్ల రక్తం రెడీగా పెట్టారో లేదో కూడా.


తెనాలి అమ్మాయి:

ఇన్ని సమాధానాలు వస్తాయనుకోలేదు, అందరికీ పేరుపేరునా థాంక్స్. అమ్మకి పనసకాయ మాట చదివి వినిపించాను. "అదీ సంగతి, ముందే చెప్తే పోయేదిగా" అంది.

సర్జన్ గారూ, మీరు చెప్పిన మూడు ప్రశ్నలూ కాగితం మీద రాసుకెళ్లి రెండో డాక్టర్‌ని అడిగాను. ఆయన ఏమీ అనుకోలేదు. ఈ సైజువి నలభై దాకా చేశాను, మూడింటికి కోయాల్సి వచ్చింది, అతుకులు విడదీయలేక రెండు, రక్తం ఆగక ఒకటి అన్నారు. సంచీ సంగతి అడిగితే నవ్వి "ఎవరు చెప్పారమ్మా మీకు" అన్నారు. ముందు ఐరన్, రెండు ఇంజెక్షన్లు, తర్వాత చూద్దాం అన్నారు. మేనత్తకి ఇంకా నమ్మకం లేదు.


తెనాలి అమ్మాయి:

మూడు నెలల తర్వాత వస్తున్నాను, చెప్పకుండా పోతే బాగోదని.

ఆపరేషన్ అయింది. హిమోగ్లోబిన్ 10.8కి వచ్చాక చేశారు, గర్భసంచి బొడ్డుకి రెండు వేళ్లు కిందికి దిగింది. కెమెరా రంధ్రం పక్కటెముకల కిందే పెట్టారు, డాక్టరమ్మ గారు చెప్పినట్టే. మూడు గంటల పది నిమిషాలు పట్టింది, నాకు బయట మూడు రోజుల్లా గడిచింది. పొట్ట కోయలేదు. కింది దారిలోనే, సంచీలో పెట్టి తీశారు. తూకం 890 గ్రాములు. డబ్బా నేనే చూశాను, తమ్ముడు క్యాంటీన్‌లో దాక్కున్నాడు.

అయితే అంతా సాఫీగా ఏం జరగలేదు. మూత్రాశయం సిజేరియన్ మచ్చకి గట్టిగా అతుక్కుపోయి ఉండటంతో విడదీసేటప్పుడు చిన్న చీలిక పడిందట. అప్పుడే చూసి అక్కడే రెండు పొరలుగా కుట్టేశారు, బయటికి రాగానే ఆయనే వచ్చి దాచకుండా చెప్పారు. దానికోసం కాథెటర్ పది రోజులు ఉంచారు, ఆ గొట్టంతోనే మూడో రోజు ఇంటికి పంపారు. అమ్మకి ఆపరేషన్ మీద ఒక్క ఫిర్యాదు లేదు, ఆ గొట్టం మీద మాత్రం పది రోజులూ తిట్టింది. తీసేశాక ఇబ్బంది ఏమీ లేదు. ల్యూప్రొలైడ్ ఆవిర్లు కూడా తగ్గుతున్నాయి.

బయాప్సీలో ఫైబ్రాయిడ్లు, అడినోమయోసిస్ (గర్భసంచి లోపొర దాని కండలోకి పెరగడం) అని వచ్చింది, క్యాన్సర్ లేదు. అండాశయాలు ఉంచారు.

ఎనిమిది వారాల చెకప్ వచ్చే సోమవారం. హన్మకొండ అక్కా, మీలాగే రాసిచ్చిన కాగితం మేమూ ఫ్రిజ్ మీద అతికించాం. నీళ్ల బిందె ఎత్తబోతే నాన్న లాక్కుని తనే మోస్తున్నారు, దారి పొడుగునా సగం ఒలకబోస్తూ.